బాబాసాహెబ్ కూర్చున్న కుర్చీలు

(తణుకులో అంబేడ్కర్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏప్రిల్ పద్నాలుగు అంటే మన పేటల్లో పండగే. విగ్రహానికి రంగేస్తాం, దండేస్తాం, మైకు పెడతాం, పిల్లలకి బిస్కెట్లు పంచుతాం. బాగానే ఉంది, చెయ్యాలి కూడా. అయితే ఈ పూట ఆ విగ్రహం వైపు ఒక్కసారి నిదానంగా చూడమని అడుగుతున్నాం. ఒంటి మీద కోటు ఉంది. మెడలో టై ఉంది. చేతిలో పుస్తకం ఉంది. ఆ కోటు ఏ ఉద్యోగంలో తొడిగారు? ఆ పుస్తకం పట్టుకుని ఎవరికి పాఠం చెప్పారు? నెల జీతం ఎక్కడ తీసుకున్నారు? ఇవి అడిగితే మన కుర్రాళ్ళు నీళ్ళు నములుతున్నారు. "రాజ్యాంగం రాశారండీ" అని ఊరుకుంటున్నారు.

రాజ్యాంగ ముసాయిదా సంఘాన్ని వేసింది 1947 ఆగస్టు 29న. దానికి అధ్యక్షుడయ్యేనాటికి బాబాసాహెబ్ కి యాభై ఆరేళ్ళు. అంతకు ముందు ముప్పయ్యేళ్ళ పాటు ఆయన పంతులుగిరీ చేశారు, ప్లీడరీ చేశారు, ఢిల్లీ సర్కారులో పెద్ద హోదాలో పనిచేశారు, పుస్తకాలు రాశారు, పత్రికలు నడిపారు. ఆ ముప్పయ్యేళ్ళ చాకిరీ లేకుండా ఆ రాజ్యాంగం లేదు. ఇవాళ ఆ చాకిరీ గురించే నాలుగు మాటలు మాట్లాడుకుందాం.

ఎందుకంటే ఈ సభలో కూర్చున్నవాళ్ళలో పంతుళ్ళున్నారు, బ్యాంకు గుమస్తాలున్నారు, కరెంటాఫీసు వాళ్ళున్నారు, గ్రామ సచివాలయాల్లో కొత్తగా చేరిన పిల్లలున్నారు, లా చదువుతున్నవాళ్ళూ ఉన్నారు. మన ఇళ్ళల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి తరం మనమే. మన తాతలు మోతుబరి గుమ్మం ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డవాళ్ళు. మనకి కూర్చోడానికి కుర్చీ దొరికింది. దొరికిన కుర్చీతో ఏం చెయ్యాలి? దీనికి జవాబు బాబాసాహెబ్ జీవితంలో దొరికినంత విడమరిచి ఇంకెక్కడా దొరకదు.

నీళ్ళ కుండ దగ్గర ప్రొఫెసరు

1912లో బొంబాయిలో బి.ఏ. అయింది. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద 1913లో అమెరికా వెళ్ళారు. కొలంబియా యూనివర్సిటీలో 1915లో ఎం.ఏ. చేశారు. అక్కణ్ణించి లండన్. స్కాలర్‌షిప్ గడువు అయిపోయి 1917లో మధ్యలోనే తిరిగొచ్చారు. షరతు ప్రకారం బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. మరి అంత చదివొచ్చిన ఆఫీసరుకి ఊళ్ళో అద్దెకి ఇల్లు దొరికిందా? దొరకలేదు. పార్సీల సత్రంలో పేరు దాచుకుని ఉండాల్సి వచ్చింది. పదకొండో రోజు పొద్దున్నే పది పన్నెండు మంది కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు. ఈ సంగతి ఆయనే తర్వాత రాసుకున్నారు.

1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో అర్థశాస్త్రం ప్రొఫెసరుగా చేరారు. పాఠం వినడానికి వేరే కాలేజీల కుర్రాళ్ళు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. పాఠం అంత గొప్పగా ఉండేది. కానీ ప్రొఫెసర్లు మంచినీళ్ళు తాగే కుండని ఆయన ముట్టుకోకూడదని సాటి ప్రొఫెసర్లే కొందరు అభ్యంతరం పెట్టారు. చూడండి, తలకాయలో ఉన్న చదువు కావాలి, చెయ్యి మాత్రం కుండకి తగలకూడదు!

ఇక్కడ మనం ఒకటి గమనించాలి. చదువుకుంటే కులం పోతుందని మనకి చిన్నప్పట్నించీ చెబుతారు. ఉద్యోగం వస్తే గౌరవం వస్తుందని చెబుతారు. కొలంబియా చదువూ, ప్రొఫెసరు ఉద్యోగమూ రెండూ ఉన్న మనిషికే ఆ కుండ దగ్గర గౌరవం దొరకలేదు. కాబట్టి ఒంటరిగా పైకెక్కితే సరిపోదని ఆయనకి ఆనాడే తెలిసిపోయింది. ప్రొఫెసరుగా ఉండగానే 1920 జనవరి 31న 'మూక్ నాయక్' పత్రిక మొదలుపెట్టించారు. అది మన పత్రికలాగే పక్షపత్రిక. ఇంగ్లీషులో పాఠాలు చెప్పే ప్రొఫెసరు తన జనం కోసం మరాఠీలో రాశారు. దానికి కొల్హాపూర్ సాహు మహరాజ్ 2,500 రూపాయలు సాయం చేశారు.

అదే ఏడాది ఉద్యోగం మానేసి, కూడబెట్టుకున్న జీతం, మిత్రుడు నావల్ భతేనా ఇచ్చిన అప్పూ పట్టుకుని మళ్ళీ లండన్ వెళ్ళారు. ఆగిపోయిన చదువు పూర్తి చేశారు. ఎమ్మెస్సీ, డీయస్సీ, బారిస్టరు మూడూ అయ్యాయి. 1923లో బొంబాయి హైకోర్టులో ప్రాక్టీసు మొదలెట్టారు.

లా పంతులే ముద్దాయి

కేసులిచ్చేవాళ్ళు మొదట్లో తక్కువే. అంటరాని బారిస్టరుకి కేసులెవరిస్తారు? ఇల్లు గడవడానికి 1925 నుంచి ఒక అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో వ్యాపార చట్టం పాఠాలు చెప్పారు. 1928 జూన్‌లో బొంబాయి గవర్నమెంటు లా కాలేజీలో తాత్కాలిక ప్రొఫెసరు అయ్యారు. 1935 జూన్‌లో అదే కాలేజీకి ప్రిన్సిపాలు అయ్యారు. జూరిస్ప్రుడెన్సు, అంటే న్యాయశాస్త్ర మూలసూత్రాలు, చెప్పే పెర్రీ ప్రొఫెసరు పదవి కూడా ఆయనదే. 1938 మే దాకా ఆ కుర్చీలో ఉన్నారు. ఇంగ్లండు రాజ్యాంగం మీద చెప్పిన పాఠాలు, ఆస్తి బదిలీ చట్టం, సాక్ష్యచట్టం, కాలపరిమితి చట్టం మీద రాసుకున్న నోట్సులు ఇవాళ ఆయన రచనల సంపుటాల్లో అచ్చయి ఉన్నాయి. పంతుళ్ళు ఒకసారి తిరగేసి చూడండి. ఏడాదేడాదీ అదే పాత నోట్సు వల్లెవేసే పంతులు కాదని తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. 1927 మార్చి 20న మహద్ లో చవదార్ చెరువు నీళ్ళు దోసిలితో తాగారు. ఇది మన పిల్లలందరికీ తెలుసు. ఆ తర్వాతి కథ తెలిసినవాళ్ళు తక్కువ. ఆ చెరువు మునిసిపాలిటీది. అందరికీ తెరుస్తున్నామని మునిసిపాలిటీ కాగితం మీద తీర్మానం కూడా చేసి ఉంది. అయినా సవర్ణులు 1927 డిసెంబరులో కోర్టుకెళ్ళారు. చెరువు మా సొంతం, అంటరానివాళ్ళు తాకకూడదన్నది అనాదిగా వస్తున్న ఆచారం అని దావా వేశారు. ఆ దావాలో ప్రతివాది భీమ్‌రావ్ రామ్‌జీ అంబేడ్కర్.

ఆ దావా ఎన్నాళ్ళు నడిచింది? కింది కోర్టు, జిల్లా కోర్టు, హైకోర్టు మొత్తం దాదాపు పదేళ్ళు. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పింది. చెరువు మునిసిపాలిటీది, అనాది ఆచారం అన్నది రుజువు కాలేదు అని సవర్ణుల అప్పీలు కొట్టేసింది. ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. ఆ రోజుకి ఆయన ప్రభుత్వ లా కాలేజీ ప్రిన్సిపాలు. క్లాసులో జడ్జీలు కాబోయేవాళ్ళకి న్యాయశాస్త్రం చెబుతున్న మనిషి, కోర్టులో మంచినీళ్ళు తాగినందుకు ప్రతివాదిగా నిలబడి ఉన్నారు!

ఇంకో మనిషైతే ఏం చేసేవాడు? ప్రిన్సిపాలు హోదా వచ్చింది, ఈ చెరువు గొడవ నాకెందుకు, రాజీ పడదాం అనేవాడు. బాబాసాహెబ్ పదేళ్ళూ వదల్లేదు. ఆచారం అనే మాటని సాక్ష్యం అడిగి నిలబెట్టారు. ఎప్పట్నించి? ఎవరు చూశారు? కాగితమేది? ఈ మూడు ప్రశ్నల ముందు వెయ్యేళ్ళ ఆచారం తేలిపోయింది. చట్టం చదువుకున్నవాడు పేటలో ఒక్కడుంటే ఎంత పని జరుగుతుందో ఈ కేసు చెబుతుంది. వీధిలో పోరాటం ఒక్కరోజు. దాన్ని కాగితం మీద నిలబెట్టడానికి పదేళ్ళు. రెండూ చెయ్యాలి.

ఆ ప్రిన్సిపాలు గిరీలో ఉండగానే ఇంకా ఏమేం చేశారో చూడండి. 1935 అక్టోబరు 13న యేవలాలో, హిందువుగా పుట్టాను గానీ హిందువుగా చావను అని ప్రకటించారు. 1936లో లాహోరు జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్ళు సభకి పిలిచి, ఉపన్యాసం చదివి భయపడి సభే రద్దు చేసుకుంటే, ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో 1,500 కాపీలు అచ్చేశారు. అదే 'కుల నిర్మూలన'. రెండు నెలల్లో కాపీలన్నీ చెల్లిపోయాయి. అదే ఏడు ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. 1937 సెప్టెంబరులో కొంకణంలో ఖోతీ జమీందారీ పద్ధతిని రద్దు చెయ్యాలని శాసనసభలో బిల్లు పెట్టారు.

మనకి ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ఉంది, మేం ఏం చెయ్యగలం అంటారు కొందరు. నిజమే, ఇప్పటి ఉద్యోగి పార్టీ పెట్టలేడు. కానీ పేటలో ముసలావిడకి పింఛను అర్జీ రాసిపెట్టొద్దని ఏ నియమావళిలో ఉంది? రాత్రి బడి పెట్టొద్దని ఏ జీవోలో ఉంది? దెబ్బలు తిన్నవాడి పక్కన పోలీసు స్టేషను మెట్ల మీద నిలబడొద్దని ఏ రూల్ చెప్పింది?

కూలోడి పనిగంటలు

1942 జులైలో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబరు అయ్యారు. ఇవాళ్టి లెక్కలో కేంద్ర కార్మిక మంత్రి అనుకోండి. 1946 దాకా ఆ కుర్చీలో ఉన్నారు. తెల్లదొరల కింద పనిచేశాడని ఆనాడు తిట్టినవాళ్ళున్నారు, ఈనాడూ తిట్టేవాళ్ళున్నారు. ఆ నాలుగేళ్ళలో ఆ కుర్చీ నుంచి బయటికొచ్చిన పనేంటో లెక్క చూసి తిట్టమనండి.

ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పని ఉండేది. చట్టం సవరించి 48 గంటలకి తెచ్చారు. 1946 ఆగస్టు నుంచి అది అమల్లోకి వచ్చింది. రోజుకి ఎనిమిది గంటలు అని మనం ఇవాళ మామూలుగా అనేస్తున్నామే, దాని వెనకాల ఆ సంతకం ఉంది. గనుల్లో పనిచేసే ఆడవాళ్ళకి కాన్పు సాయం మెరుగుపరిచారు. బొగ్గు గనిలో పని ఎలా ఉంటుందో చూడ్డానికి స్వయంగా గనిలోకి దిగారు. యజమానులూ, కార్మికులూ, సర్కారూ ఒక బల్ల చుట్టూ కూర్చునే త్రైపాక్షిక పద్ధతిని నడిపించారు. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల ఏర్పాటు ఆ కాలంలోనిదే. కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డ్ కులాలకి 1943లో 8.33 శాతం కోటా వచ్చింది. మన పిల్లలు పైదేశాల్లో చదువుకోడానికి సర్కారు స్కాలర్‌షిప్‌లు వచ్చాయి. తను ఎక్కి వచ్చిన నిచ్చెనని పైనుంచి లాగేసుకోలేదు, ఇంకా నాలుగు మెట్లు కట్టి కిందికి దించారు.

నీటిపారుదల, కరెంటు కూడా ఆ లేబర్ శాఖ కిందే ఉండేవి. దామోదర్ లోయ పథకానికి పునాది ఆయన హయాంలోనే పడింది. 1945లో కేంద్ర జలమార్గ, నీటిపారుదల కమిషను ఏర్పడింది. ఇప్పటి కేంద్ర జలసంఘానికి అది తల్లివేరు. గోదారి కాలవ గట్టున కూర్చున్న మనం ఈ మాట ప్రత్యేకంగా వినాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ దొరకి ఊరూరా విగ్రహం ఉంది, ఉండాల్సిందే. కానీ ఆ కాలవలు తవ్విన చేతులెవరివి? ఆ నీళ్ళు ఎవరి పొలంలోకి పారాయి? నీళ్ళు వచ్చాక మోతుబరికి రెండో పంట వచ్చింది, మనకి రెండో పంట నాట్లు వచ్చాయి. ఆనకట్ట కడితే సరిపోదు, భూమి సంగతి తేల్చాలన్నది బాబాసాహెబ్ మాట. 1947లో రాసిన 'రాష్ట్రాలు, మైనారిటీలు' పత్రంలో వ్యవసాయ భూమి సర్కారుది కావాలి, భూస్వామీ, కౌలుదారూ, కూలీ అనే తేడా లేకుండా ఉమ్మడి సేద్యం జరగాలి అని రాశారు. ఈ డెల్టాలో ఒక్క ఎకరా కౌలు కాగితం కోసం తిరిగే మన రైతుని అడగండి, ఆ మాట ఎంత విలువైందో చెబుతాడు.

లేబర్ మెంబరు హోదాలోనే 1944లో ఆయన మన కోస్తా జిల్లాలకి వచ్చారు. ఏలూరులో, కాకినాడలో జనం ఆయన్ని చూశారు. మన తాతలకి ఆయన ఇంగ్లీషు అర్థమయిందో లేదో గానీ, మనవాడు దొర హోదాలో రైలు దిగడం కళ్ళారా చూశారు.

కుర్చీ దిగడం కూడా పనే

1947 ఆగస్టులో స్వతంత్ర భారతానికి మొదటి న్యాయశాఖ మంత్రి అయ్యారు. రాజ్యాంగం సంగతి అందరూ చెబుతారు, మేం హిందూ కోడ్ బిల్లు సంగతి చెబుతాం. ఆడపిల్లకి ఆస్తిలో వాటా, విడాకుల హక్కు, ఒక్క పెళ్ళే అన్న నియమం ఆ బిల్లులో ఉన్నాయి. నాలుగేళ్ళు దాని మీద కూర్చున్నారు. ఛాందసులు పార్లమెంటు లోపలా బయటా గోల చేశారు. ప్రభుత్వం వెనకడుగు వేసింది. 1951 సెప్టెంబరు 27న రాజీనామా చేశారు. కారణాలు చెబుతూ ప్రకటన చదవబోతే, ముందుగా కాపీ చూపించాలనీ, ఇప్పుడు కాదనీ అడ్డుపెట్టారు. సభలోంచి బయటికి నడిచి, ఆ ప్రకటన పత్రికల వాళ్ళ చేతిలో పెట్టారు. అందులో మరో కారణం కూడా ఉంది. షెడ్యూల్డ్ కులాల మీద దౌర్జన్యాలు ఆగలేదు, ప్రభుత్వానికి పట్టలేదు అని.

చూడండి, ఆయన రాజీనామా చేసింది సవర్ణుల ఇంటి ఆడబిడ్డల హక్కు కోసం కూడా. ఆ తర్వాత ఆ బిల్లునే ముక్కలు చేసి 1955లో వివాహ చట్టం, 1956లో వారసత్వ చట్టం అని పాస్ చేశారు. మన రాష్ట్రంలో 1985లోనూ, దేశమంతటా 2005లోనూ కూతురికి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా వచ్చింది. ఈ జిల్లాలో ఏ కులం ఆడపడుచు పుట్టింటి పొలంలో వాటా తీసుకున్నా, దానికి మొదట కుర్చీ వదులుకున్నవాడు మన మనిషి. ఈ సంగతి ఊళ్ళో వాళ్ళకి మనమే చెప్పాలి. ఆయన పేట మనిషి అని పేటకే కట్టేస్తే ఎట్లా?

ఆంధ్రాకి సంబంధించి ఇంకో మాట. 1953 సెప్టెంబరు 2న రాజ్యసభలో ఆంధ్ర రాష్ట్ర బిల్లు మీద చర్చ జరుగుతోంది. ఈ రాజ్యాంగాన్ని తగలబెట్టాల్సి వస్తే నేనే ముందుంటానని ఆయన అన్నది ఆ రోజే, మన రాష్ట్రం బిల్లు మీదే. పెద్ద కులాల చేతికి రాష్ట్రం వెళ్తే చిన్నవాళ్ళకి రక్ష ఏదీ అన్నది అక్కడి ప్రశ్న. 1955లో భాషా రాష్ట్రాల మీద రాసిన పుస్తకంలో ఇంకా విడమరిచి చెప్పారు. ఆంధ్రాలో రెండు మూడు కులాల చేతుల్లోనే భూమి, కొలువులు, వ్యాపారం అన్నీ ఉన్నాయి, అంటరానివాళ్ళు వాళ్ళ మీద ఆధారపడి బతుకుతున్నారు అని రాశారు. ఆ పేజీ చదివి, ఈ జిల్లా మీద కళ్ళు తిప్పండి. ఎంత మారిందో, ఎంత మారలేదో మీరే లెక్కేసుకోండి.

రాసే బల్ల

ఇన్ని ఉద్యోగాలు మారినా ఆయన మారని కుర్చీ ఒకటుంది. అది రాసుకునే బల్ల ముందున్న కుర్చీ. 1923లో 'రూపాయి సమస్య'. 1936లో 'కుల నిర్మూలన'. 1945లో కాంగ్రెసూ, గాంధీ అంటరానివాళ్ళకి చేసిందేమిటన్న పుస్తకం. 1946లో 'శూద్రులెవరు', దాన్ని జోతిరావు ఫూలేకి అంకితం ఇచ్చారు. 1948లో 'అంటరానివారు', దాన్ని నందనార్, రవిదాస్, చోఖామేళాల స్మృతికి అంకితం ఇచ్చారు. ఆఖరి పుస్తకం 'బుద్ధుడు, ఆయన ధమ్మం' ఆయన పోయాక 1957లో వచ్చింది. షుగరు జబ్బుతో, కళ్ళు సరిగా కనబడని రోజుల్లో కూడా ఆ బల్ల వదల్లేదు. ఆ పుస్తకాలు తెలుగులోకి వచ్చాయి. మన ఇళ్ళల్లో ఫొటో ఉంది. పుస్తకం కూడా ఉంటే ఫొటో మాట్లాడుతుంది.

మన గోదారి జిల్లాలోనే ఇదే దారిన నడిచిన మనిషి ఒకరున్నారు. బొజ్జా తారకం గారు. కోనసీమ బిడ్డ, 1939లో పుట్టారు. హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉండగా 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలని చంపారు. ఆ ప్రభుత్వం తరఫున వాదించే కుర్చీని ఆయన వదిలేశారు. దళిత మహాసభలో నిలబడ్డారు. కవిత్వం రాశారు, కులం మీదా వర్గం మీదా రాశారు. అన్నిటికన్నా మించి, పోలీసులు అరెస్టు చేస్తే ఏం చెయ్యాలో మామూలు మనిషికి అర్థమయ్యే తెలుగులో పుస్తకం రాసిపెట్టారు. 2016లో పోయారు. చట్టం కోర్టు గదిలో నల్లకోటు కింద దాచుకునే సరుకు కాదని, పేటలో పంచాల్సిన బువ్వ అని ఆయన నమ్మారు.

ఇప్పుడు మన లెక్క

విజయవాడలో 2024 జనవరిలో 125 అడుగుల విగ్రహం లేచింది. సంతోషం. కానీ మన జిల్లాలో గరగపర్రు ఉంది. 2017లో అంబేడ్కర్ విగ్రహం పెట్టే చోటు దగ్గర మొదలైన తగువు సాంఘిక బహిష్కరణ దాకా వెళ్ళింది. మనవాళ్ళని పనులకి పిలవడం మానేశారు, కౌలు పొలాలు లాగేసుకున్నారు. గోదారి దాటితే అమలాపురం. కోనసీమ జిల్లాకి ఆయన పేరు పెట్టినందుకు 2022 మే 24న మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. నూట పాతిక అడుగుల విగ్రహాన్ని భరిస్తారు, పక్క ఊళ్ళో అయిదడుగుల విగ్రహాన్ని భరించలేరు! అంటే విగ్రహంతో పేచీ లేదు, ఆ విగ్రహం పక్కన తలెత్తి నిలబడే మనతోనే పేచీ.

మరి మన చేతిలో ఏముంది? చట్టం ఉంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి ఆ సవరణ అమలయింది. సాంఘిక బహిష్కరణ, ఆర్థిక బహిష్కరణ రెండూ దాంట్లో శిక్షపడే నేరాలు. నోటితో చెప్పిన ఫిర్యాదుని పోలీసు రాసుకుంటే, సంతకం పెట్టించుకునే ముందు చదివి వినిపించాలి. కాపీ చేతికివ్వాలి. దర్యాప్తు డీయస్పీ స్థాయి ఆఫీసరు చెయ్యాలి. ఛార్జిషీటు అరవై రోజుల్లో వెయ్యాలి. దళితేతరుడైన ఉద్యోగి కావాలని ఈ విధులు ఎగ్గొడితే నాలుగో సెక్షను కింద అతని మీదే కేసు. బాధితులకి సాయం ఎంతో నియమాల్లో రాసి ఉంది. ఇవన్నీ మన పేటలో ఎంతమందికి తెలుసు?

2018 మార్చి 20న సుప్రీంకోర్టు తీర్పుతో ఈ చట్టాన్ని నీరుగార్చినప్పుడు, ఏప్రిల్ 2న దేశమంతా మనవాళ్ళు రోడ్డెక్కారు. ప్రాణాలు పోయాయి. ఆ ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని మళ్ళీ నిలబెట్టింది. అంత రక్తం పోసి నిలబెట్టుకున్న చట్టం పుస్తకం మన ఇంట్లో లేకపోతే ఎట్లా అన్నా?

చుండూరు గుర్తుంది కదా. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోడానికి ఉద్యమం చెయ్యాల్సి వచ్చింది. తీర్పు 2007 జులై 31న వచ్చింది, ఇరవై ఒక్కమందికి యావజ్జీవం. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. శిక్ష పడ్డానికి పదహారేళ్ళు, అది చెరిగిపోడానికి ఒక్క పూట. మహద్ కేసు పదేళ్ళు నడిపిన మనిషి వారసులం మనం. తీర్పు ఒకటి ఎదురొచ్చిందని కాగితాలు మూటగట్టి అటక మీద పెడితే, ఆ ఎనిమిది మందికీ ఏం చెబుతాం?

కాబట్టి మేం అడిగేది పెద్ద త్యాగాలు కావు. ఉద్యోగాలు మానెయ్యమని ఎవరినీ అడగడం లేదు. మీ జీతం మీద మీ పిల్లల చదువులుంటాయి, తల్లిదండ్రుల మందులుంటాయి, మాకు తెలుసు. అడిగేది ఇంతే. ప్రతి పేటలో వారానికి ఒక సాయంత్రం, కమ్యూనిటీ హాల్లోనో చెట్టు కిందో, చదువుకున్నవాళ్ళు ఇద్దరు కూర్చోండి. అత్యాచారాల చట్టం తెలుగు ప్రతి ఒకటి, ఉపాధి హామీ కూలి లెక్క ఒకటి, కౌలు కార్డు కాగితం ఒకటి దగ్గర పెట్టుకోండి. వచ్చినవాళ్ళకి చదివి చెప్పండి, అర్జీ రాసిపెట్టండి. లా చదువుతున్న పిల్లలు ఆ అర్జీల మీదే చెయ్యి తిప్పుకోండి. పంతుళ్ళు టెన్త్ తప్పిన పిల్లల్ని వదిలెయ్యకుండా మళ్ళీ పరీక్షకి కూర్చోబెట్టండి. ఆడపిల్లని లా కోర్సులో చేర్చే ఇంటికి ఫీజు ఎక్కడ తక్కువైతే అక్కడ ఉద్యోగులం అందరం చందా వేద్దాం. బాబాసాహెబ్ 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ, 1950లో ఔరంగాబాదులో ఇంకో కాలేజీ తెరిచారు. మనం ఒక చెట్టు కింద ఒక బల్ల తెరవలేమా?

ప్రొఫెసరు కుర్చీలో కూర్చుని పత్రిక నడిపారు. ప్రిన్సిపాలు కుర్చీలో కూర్చుని చెరువు కేసు గెలిచారు. లేబర్ మెంబరు కుర్చీలో కూర్చుని కూలోడి పనిగంటలు తగ్గించారు. మంత్రి కుర్చీ పనికిరాకుండా పోయిన రోజున దాన్ని వదిలేసి నడిచారు. ఇదీ ఆయన ఉద్యోగ చరిత్ర. రేపు సోమవారం పొద్దున ఆఫీసుకెళ్ళి మన కుర్చీలో కూర్చునేటప్పుడు, ఆ గుమ్మం బయట కాగితం పట్టుకుని భయంభయంగా నిలబడ్డ మన పేట మనిషి ఉంటాడు. ముందు అతన్ని లోపలికి పిలిచి, కుర్చీ చూపించి, కూర్చోమనండి. పని అక్కణ్ణించే మొదలవుతుంది.

జై భీమ్!